నీ మంత్రగత్తెకు ఏదైనా అడ్డం పెట్టమ్మా

చిరంజీవి అమ్మణ్ణికి ఆశీస్సులు.

నీ నవల చదివాను. ఈ కాలంలో, మన తిరుపతిలో, స్కూటీ మీద తిరిగే మంత్రగత్తె ప్రేమకథ అనగానే ఎంతో ఆశపడ్డాను. అందుకే నిరాశ కూడా గట్టిగానే తగిలింది. నీకు రాయడం వచ్చు కాబట్టి దాచకుండా చెబుతున్నాను.

మూడో అధ్యాయంలోనే నీ హీరోయిన్ చిటికేస్తే లీలామహల్ సర్కిల్లో ట్రాఫిక్ ఆగిపోతుంది. ఎదుటివాళ్ల మనసులో ఏముందో చూడగానే తెలిసిపోతుంది. మరి పదకొండో అధ్యాయంలో ఆ అబ్బాయికి వేరే సంబంధం కుదిరిందనుకుని అన్ని పేజీలు ఏడుస్తుందెందుకు? ఒక్కసారి వాడి మొహం చూస్తే సరిపోయేది కదా! వాడు ఏమనుకుంటున్నాడో తెలియని టెన్షనే ప్రేమకథకు ప్రాణం. దాన్ని మొదట్లోనే తీసేశావు. తర్వాత ఏడుపు కావలసొచ్చి, ఆమెకు ఆ శక్తి ఉన్న సంగతే మరిచిపోయావు.

మన ఊరి గ్రామదేవత తాతయ్యగుంట గంగమ్మ కథ నీకు కొత్త కాదు. ఆడవాళ్లను చెరబట్టిన పాలెగాడు ఆమెకు భయపడి దాక్కున్నాడు. దేవతే అయినా, తలుచుకోగానే వాడు దొరకలేదు. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం... రోజుకొకటి వేసుకుని వెతికింది. చివరికి దొర వేషంలో వస్తేగానీ వాడు బయటికి రాలేదు. అప్పుడు చంపింది. నాకు అంతకన్నా గొప్పగా అనిపించేది ఆ తర్వాతది: మాతంగి వేషంలో వెళ్లి ఆ పాలెగాడి భార్యనే ఓదార్చింది. నీ నవలలో విలన్ బూడిదయ్యాక వాడి ఇంట్లోవాళ్ల గతేమిటో ఒక్క ముక్క లేదు.

నల్లపిల్లి, చీపురుకట్ట, పున్నమి రాత్రి మనకెందుకమ్మా? ఉప్పు, ఎండుమిరపకాయలు మూడుసార్లు తిప్పి మీ అమ్మ పొయ్యిలో వేసినప్పుడు, ఘాటు వస్తుందా రాదా అని ఇంటిల్లిపాదీ కాచుకుని ఉంటారు చూడు, ఆ కాసేపు రాయి. ఘాటు రాకపోతే దిష్టి గట్టిదేనని అందరి మొహాలూ మారిపోతాయి. అది చాలు.

ఇంకొకటి, ఇది నన్ను నిజంగా బాధపెట్టింది. చేతబడి చేస్తోందన్న అనుమానంతో ఆడవాళ్లను కొట్టి చంపిన వార్తలు ఇప్పటికీ పేపర్లో చదువుతున్నాం. నీ హీరోయిన్ ఆఫీసులో అందరి ముందూ ‘నేను మంత్రగత్తెను’ అంటే చప్పట్లు కొట్టారని రాశావు. ఆమెకు భయం లేదా? ఇంటి ఓనరుకు తెలిస్తే? ప్రేమించిన అబ్బాయికి చెప్పాలా, చెబితే వాళ్లమ్మ ఏమంటుంది? ఈ ఒక్క భయం మీద నవలంతా నిలబడుతుంది.

బస్టాండు ఎదురుగా టీ అంగడి దగ్గర ఆమె చిల్లర కోసం హ్యాండ్‌బ్యాగులో చెయ్యి పెడితే, లిప్‌స్టిక్ పక్కన ఎండిపోయిన నిమ్మకాయ తగులుతుంది. అతను చూడకముందే గబుక్కున జిప్ వేసేస్తుంది. ఆ చోటు మళ్లీ మళ్లీ చదివాను. ఆ పిల్ల నాకు తెలుసు, తనకేమవుతుందోనని నాకూ గుబులు పుట్టింది. మిగతా నవలలో ఆ పిల్ల కనబడలేదు.

మనసులు చదివే శక్తి తీసేయి. మిగిలిన మంత్రం ఏదైనా సరే, వేసిన ప్రతిసారీ ఆమె ఏదో ఒకటి పోగొట్టుకోవాలి, అది వాడికి కనబడాలి. అచ్చుకు తొందరపడొద్దు. టీ అంగడి సీను ముట్టుకోకుండా మొదటి అయిదు అధ్యాయాలు తిరగరాసి, గంగమ్మ జాతరలోపు పంపు. చదివి, ఇంటికి పిలుస్తాను.