అక్వేరియం కారితే, పగిలితే: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా హాల్లో మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్న అక్వేరియం ఉంది. కొని ఆరేళ్లయింది. ఈ మధ్య వెనుకవైపు కింది మూలలో నీరు ఊరి బల్ల తడుస్తోంది. దుకాణం నుంచి వచ్చిన అబ్బాయి బయటివైపు సిలికాన్ జిగురు పూసి వెళ్లాడు. కొద్ది రోజులు ఆగి మళ్లీ మొదలైంది. నీళ్లు తీయకుండా దీన్ని ఆపే మార్గం ఉందా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: నీళ్లు తీయక తప్పదండి. తొట్టిలోని నీరు ఎప్పుడూ బయటికే నెడుతూ ఉంటుంది కాబట్టి, లోపల పూసిన సిలికాన్‌ను ఆ ఒత్తిడి అద్దానికి అదుముతుంది, బయట పూసినదాన్ని అదే ఒత్తిడి ఊడదీస్తుంది. పైగా చెమ్మ ఉన్న అద్దానికి సిలికాన్ సరిగా అంటుకోదు.

చేపలను వేరే తొట్టిలోకి మార్చి, ముందుగా నీరు కారే చోటును నిర్ధారించుకోండి. పైన ఎక్కడో సందులోంచి వచ్చిన నీరు అతుకు వెంట జారి కింది మూలలో బయటపడుతూ ఉండవచ్చు. అద్దాలన్నీ పొడిగుడ్డతో తుడిచి, అడుగు చుట్టూ పాత వార్తాపత్రికలు పరిచి, నీటి మట్టం దగ్గర చిన్న టేపు ముక్క అంటించండి. మట్టం దిగి దిగి ఒక ఎత్తులో నిలిచిపోతే సందు ఆ ఎత్తులో ఉన్నట్టే. బోరు నీరు వాడేవారికి ఇంకో ఆనవాలు కూడా దొరుకుతుంది: నీరు ఆరిన దారిలో తెల్లని చార పేరుకుంటుంది.

తరువాత తొట్టిని పూర్తిగా ఖాళీ చేసి ఆరబెట్టి, లోపలి మూలల్లోని పాత సిలికాన్‌ను బ్లేడుతో గీకివేయాలి. కొత్త సిలికాన్ పాతదానికి గట్టిగా పట్టుకోదు కనుక, కారే మూల ఒక్కటే కాకుండా లోపలి అంచులన్నీ తిరిగి వేయించడమే మంచిది. అయితే అద్దానికీ అద్దానికీ మధ్య ఉన్న పొరలోకి బ్లేడు పోనివ్వకండి. తొట్టిని నిలబెట్టేది ఆ పొరే. అందులోనే గాలి బుడగలో, విడిపోయిన తెల్లని మచ్చలో కనిపిస్తే ఇంట్లో చేసే పని కాదు, అక్వేరియాలు తయారు చేసేవారితో అద్దాలు విప్పించి మళ్లీ అతికించాలి.

గీకిన చోటును ఎసిటోన్‌తో తుడిచి ఆరనిచ్చి, అక్వేరియానికి పనికివస్తుందని ట్యూబు మీద రాసి ఉన్న సిలికాన్‌నే వాడండి. స్నానాల గదుల కోసం అమ్మే రకాల్లో చాలావాటిలో బూజు పట్టకుండా మందు కలుపుతారు, అది చేపలకు విషం. పూసిన గంటలోనే పైపొర గట్టిపడినా లోపల పచ్చిగానే ఉంటుంది. వెనిగర్ లాంటి ఘాటు వాసన పూర్తిగా పోయేదాకా, అంటే కనీసం మూడు రోజులు, వీలైతే వారం ఆగండి. ఆపైన తొట్టిని వరండాలో చదునైన చోట పెట్టి, కొంచెం కొంచెంగా నింపి, రెండు రోజులు గమనించి, ఆ నీరు పారబోసి అప్పుడు లోపలికి తెచ్చుకోండి.

ఇంత చేశాక పాత బల్ల మీదే అలాగే పెట్టేస్తే మళ్లీ కారవచ్చు. మీ తొట్టి అంచుదాకా నిండితే నీరే 190 లీటర్లు, అద్దాలూ గులకరాళ్లూ కలిపితే 250 కిలోలకు దగ్గరపడుతుంది. అంత బరువు కింద బల్ల ఒకవైపు కాస్త వాలినా భారమంతా ఒక అతుకు మీద పడుతుంది. నాలుగు మూలలా పై అంచు నుంచి నీటి మట్టం ఎంత దిగువన ఉందో స్కేలుతో కొలవండి. తేడా ఉంటే, తొట్టిని ఖాళీ చేసి బల్లనే సరిచేయించాలి. నిండుగా ఉన్న తొట్టిని ఎత్తి కింద అట్టముక్కలు దూర్చడం చాలా ప్రమాదకరం. అడుగు అద్దం నేరుగా బల్లను తాకే తొట్టి అయితే దాని కింద థర్మోకోల్ షీటు పరచండి, చిన్న చిన్న ఎత్తుపల్లాలను అది సర్దుకుంటుంది.

ప్రశ్న: రాత్రి టప్పుమన్న శబ్దానికి లేచి చూస్తే అక్వేరియం ముందు అద్దం మీద జానెడు పగులు. నీరు ఇంకా బయటికి రావడం లేదు. పగులు మీద సిలికాన్ పూస్తే సరిపోతుందా? ఇబ్బందిగా ఉంటే అద్దానికి నోటితో అతుక్కునే సక్కర్ చేపను దగ్గరి చెరువులో వదిలేయవచ్చా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: సరిపోదు, నీరు రావడం లేదని తెల్లారేదాకా ఆగవద్దు కూడా. పగిలిన అద్దం ఎప్పుడు తెగుతుందో ఎవరూ చెప్పలేరు. ముందు పొడి చేతులతో హీటరు, ఫిల్టరు, లైటు స్విచ్చులన్నీ ఆపి ప్లగ్గులు తీసేయండి. నీరూ కరెంటూ కలిసిన చోట మనుషుల ప్రాణం ముందు, చేపలు తరువాత. ఆపైన గొట్టంతో నీటిని శుభ్రమైన ప్లాస్టిక్ టబ్బుల్లోకి దింపండి. అద్దం మీద ఒత్తిడి నీటి లోతును బట్టి ఉంటుంది కాబట్టి మట్టం దిగేకొద్దీ ప్రమాదం తగ్గుతుంది. ఆ నీటిలోనే చేపలను ఉంచి, ఎయిర్ పంపు పెట్టి, పైన వల లాంటి గుడ్డ కప్పండి. చేపలు ఎగిరి బయటపడతాయి. ఫిల్టరు స్పాంజిని కుళాయి కింద కడగకుండా అదే టబ్బులో వేయండి. చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమోనియాను విరిచే బ్యాక్టీరియా దానిలోనే ఉంటుంది, క్లోరిన్ నీరు దాన్ని చంపేస్తుంది. ఒకటి రెండు రోజులు మేత ఆపినా చేపలకు నష్టం లేదు.

పగిలిన అద్దాన్ని తీసి అదే మందంతో కొత్తది వేయించాలి. పగులు అడుగు అద్దానిదైతే ఆ తొట్టిని వదిలేసి కొత్తది కొనుక్కోమనే నా సలహా. కొనేటప్పుడు పొడవు కన్నా ఎత్తును చూసి అద్దం మందం ఎంచుకోండి: అడుగు ఎత్తుకు 5 లేదా 6 మిల్లీమీటర్లు, అడుగున్నరకు 8 సాధారణంగా వాడతారు. పెద్ద రాళ్లను అడుగు అద్దం మీద నేరుగా పెట్టకండి. నీరు మార్చేముందు హీటరు ఆపడం మరువకండి. వేడెక్కి నీటి పైకి తేలిన హీటరు గాజు చన్నీరు తగిలితే చిట్లుతుంది.

సక్కర్ చేపను మాత్రం దయచేసి చెరువులో వదలకండి. అది మన నీళ్లకు చెందినది కాదు. ఇలా ఇళ్ల నుంచి బయటపడిన ఈ జాతే చెరువుల్లో పెరిగి, మత్స్యకారుల వలలు చించి, మన చేపల తిండికి పోటీ వస్తోంది. మీకు బరువైతే అక్వేరియం దుకాణానికి తిరిగి ఇవ్వండి.

ప్రశ్న: కరెంటు పోయి వచ్చినప్పుడల్లా మా అక్వేరియం బల్ల మీద నీళ్లు నిలుస్తున్నాయి. మిగతా రోజుల్లో చుక్క కూడా కారదు. అద్దంలో లోపమా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: అద్దాన్ని అనుమానించనక్కరలేదు, ఎయిర్ పంపును చూడండి. పంపు నీటి మట్టం కన్నా కింద ఉంటే, కరెంటు పోగానే గాలి గొట్టంలోకి నీరు వెనక్కి ఎక్కి, పంపు గుండా బయటికి వస్తుంది. పంపును తొట్టి పై అంచు కన్నా ఎత్తులో తగిలించండి, లేదా గొట్టం మధ్యలో నీరు వెనక్కి రానివ్వని చిన్న వాల్వు పెట్టించండి. చవకగానే దొరుకుతుంది. దాని మీది బాణం గుర్తు తొట్టివైపు ఉండాలి. ఇప్పటికే తడిసిన పంపును లోపల పూర్తిగా ఆరేదాకా ప్లగ్గులో పెట్టకండి.