నోటిమాటగా అడిగితే కేసు నిలవదు, అర్జీ రాసివ్వండి

ప్రశ్న: నాకు పూర్తిగా చూపు లేదు. రాష్ట్ర ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో తెలుగు పత్రికల చరిత్ర మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. మా గ్రంథాలయం పాత సంచికలన్నీ స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో పెట్టింది కానీ అవన్నీ ఉత్త బొమ్మలు. నా స్క్రీన్ రీడర్ (తెరమీది అక్షరాలను పైకి చదివే సాఫ్ట్‌వేర్) ఒక్క అక్షరం చదవదు. ఏడాదిగా అడుగుతుంటే ఒకరు బడ్జెట్ లేదంటారు, ఇంకొకరు కాపీరైట్ అంటారు. ‘ఎవరిచేతైనా చదివించుకో’ అని నలుగురిలో అవమానించారు కూడా. పరువునష్టం దావా వేయవచ్చా? నా మిత్రుడు ఫైళ్లన్నీ దించి, ఓసీఆర్ చేసి (బొమ్మలోని అక్షరాలను టెక్స్ట్‌గా మార్చి) టెలిగ్రామ్ గ్రూపులో పెడతానంటున్నాడు. పెట్టమనమంటారా?

జవాబు: పరువునష్టం దావా ఆలోచన మానుకోండి. దానివల్ల మీకు ఒక్క పేజీ కూడా చదవడానికి రాదు. ఎవరు ఏ మాట అన్నారో మీ ఉత్తరంలో వివరంగా ఉంది. ఏ తేదీన, ఏ సంచిక, ఏ రూపంలో కావాలని మీరు రాసిచ్చారో మాత్రం ఎక్కడా లేదు. మీ కేసు తేలేది అక్కడే.

దివ్యాంగుల హక్కుల చట్టం, 2016లోని సెక్షన్ 2(హెచ్) ప్రకారం, సహేతుకమైన సర్దుబాటు (దివ్యాంగులకు అవసరమైన తగిన మార్పు) నిరాకరించడమే వివక్ష. నిరాకరించారని రుజువు చేయాలంటే ముందు మీరు అడిగినట్టు రుజువుండాలి. రేపు గ్రంథాలయం వారు ‘మాకు ఏ అర్జీ రాలేదు’ అంటే మీ దగ్గర చూపించడానికి ఏముంది? ఏడాదిపాటు కౌంటర్ చుట్టూ తిరిగి ఒక్క పేజీ అర్జీ ఇవ్వకపోవడం నిర్లక్ష్యమే. పరిశోధన చేసేవారికి కాగితం విలువ నేను చెప్పాలా?

అడిగే తీరు కూడా ముఖ్యమే. భరించలేనంత భారం పడితే సర్దుబాటు చేయనక్కరలేదని అదే చట్టంలోని సెక్షన్ 2(వై) అంటుంది. ‘మొత్తం భాండాగారాన్ని మార్చండి’ అని రాస్తే వారికి ఆ సాకు మీరే అందించినట్టు. మీ అధ్యాయానికి కావలసిన సంచికల పేర్లు, సంవత్సరం, నెల, పుటలు రాయండి. ‘పీడీఎఫ్ ఇవ్వండి’ అంటే చాలదు. యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలో టైపు చేసిన ఫైలు ఇస్తే తెరమీద తెలుగే కనిపిస్తుంది గానీ, స్క్రీన్ రీడర్ దాన్ని అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలుగా చదువుతుంది. కాబట్టి ‘యూనికోడ్ తెలుగు టెక్స్ట్, పుట సంఖ్యలతో’ అని స్పష్టంగా అడగండి. పాత అచ్చులో ఓసీఆర్ వత్తులను తప్పుగా పట్టుకుంటుంది. మనిషి చేత సరిచూపించి ఇవ్వాలని కూడా రాయండి. వైకల్య ధ్రువపత్రం నకలు జతచేసి, ఇన్‌వార్డ్ సెక్షన్‌లో ఇచ్చి, మీ కాపీ మీద తేదీతో స్టాంపు వేయించుకోండి. రిజిస్ట్రార్‌కు మరో ప్రతి స్పీడ్ పోస్టులో పంపండి.

అదే రోజు ఇంకో పని చేయండి. ఆ ఫైలు తెరిచినప్పుడు స్క్రీన్ రీడర్ ఏం పలుకుతుందో, లేక ఏమీ పలకదో శబ్దంతో సహా రికార్డు చేయించండి. ఫైలు చిరునామా, తేదీ అందులో కనబడాలి. కోర్టులో పెట్టేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం, 2023లోని సెక్షన్ 63 ధ్రువపత్రం కావాలి కాబట్టి రికార్డు చేసిన పరికరాన్ని భద్రంగా ఉంచండి.

కాపీరైట్ పేరు చెప్పి అడ్డుకోవడం తప్పు. 2012 సవరణతో కాపీరైట్ చట్టంలోకి సెక్షన్ 52(1)(జెడ్‌బి) వచ్చింది. దివ్యాంగులు చదువుకోవడానికి, పరిశోధనకు ఏ రచననైనా వారికి అనువైన రూపంలోకి మార్చి ఇవ్వవచ్చు. రచయిత అనుమతి అక్కరలేదు. ఈ పని సంస్థే చేయాలని లేదు, ఏ వ్యక్తైనా చేయవచ్చు. ఈ నిబంధన సంఖ్యను అర్జీలోనే రాయండి, ఆ సాకు మళ్లీ వినిపించదు.

టెలిగ్రామ్ మాట మాత్రం ఎత్తవద్దు! పైన చెప్పిన మినహాయింపు దివ్యాంగులకు, లాభాపేక్ష లేకుండా అందించే ప్రతులకే. గ్రూపులో పెట్టిన ఫైలు ఎవరి చేతికైనా వెళుతుంది. కాపీరైట్ ఇంకా తీరని సంచిక అందులో ఒక్కటున్నా కాపీరైట్ చట్టంలోని సెక్షన్ 63 కింద మీ మిత్రుడు ముద్దాయి అవుతాడు. అందులో 3 సంవత్సరాల దాకా జైలుశిక్ష ఉంది. మీ లాగిన్‌తో దించితే మీరూ ఇరుక్కుంటారు, అసలు కేసులో వేలు మీవైపే తిరుగుతుంది. ఆ మిత్రుడినే మీకు కావలసిన పుటలు ఓసీఆర్ చేసి మీ ఒక్కరికే ఇవ్వమనండి. అది చట్టబద్ధం, ఈ రాత్రే మొదలుపెట్టవచ్చు. ఫైలుకు తాళం ఉంటే మాత్రం పగలగొట్టవద్దు, తాళం లేని ప్రతి ఇవ్వమని అర్జీలో అడగండి.

ఇక కాలపరిమితి. దివ్యాంగుల హక్కుల చట్టంలోని సెక్షన్ 89 కింద మొదటి ఉల్లంఘనకు రూ. 10,000 దాకా జరిమానా మాత్రమే ఉంది. జరిమానా మాత్రమే ఉన్న నేరాలకు కోర్టు విచారణ చేపట్టే గడువు భారతీయ నాగరిక సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) సెక్షన్ 514 ప్రకారం 6 నెలలు. ఏడాది కిందటి మాటలకు ఆ గడువు దాటింది. ఇది కొనసాగుతున్న తప్పని వాదించవచ్చు, కానీ దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు. ఇప్పుడు రాతపూర్వకంగా అడిగి, వారు కాదంటే లెక్క ఆ కొత్త తేదీ నుంచి మొదలవుతుంది. హైకోర్టు రిట్‌కు ఇన్ని రోజులని గడువు లేకున్నా, ఇంతకాలం ఏం చేశారని జడ్జి తప్పక అడుగుతారు.

అర్జీలో 15 రోజుల గడువు పెట్టండి. జవాబు రాకపోతే దివ్యాంగుల హక్కుల చట్టంలోని సెక్షన్ 80 కింద దివ్యాంగుల రాష్ట్ర కమిషనర్‌కు ఫిర్యాదు చేయండి. ఆయన సిఫారసు మీద ఏం చేశారో, ఒప్పుకోకపోతే ఎందుకో విశ్వవిద్యాలయం 3 నెలల్లో చెప్పాలని సెక్షన్ 81 అంటుంది. అప్పటికీ కదలకపోతే రాజ్యాంగంలోని ఆర్టికల్ 226 కింద హైకోర్టుకు వెళ్లండి. డిజిటల్ సేవలు అందుబాటులో ఉండటం ఆర్టికల్ 21లో (జీవించే హక్కులో) భాగమని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న ప్రజ్ఞా ప్రసూన్ కేసులో చెప్పింది. మీ లాయర్‌కు ఆ తీర్పు ఇవ్వండి.

థీసిస్ గడువు దగ్గరపడుతుంటే, స్టాంపు పడిన అర్జీ నకలు జతచేసి, గైడ్ సంతకంతో గడువు పొడిగింపు కోసం వేరే దరఖాస్తు పెట్టండి. ఈ రెంటినీ ఒకే కాగితంలో కలపవద్దు. కలిపితే పొడిగింపు ఇచ్చేసి పుస్తకాల సంగతి మూలన పడేస్తారు.