నానమ్మ చెక్క సామానుకు పాలిష్ పెట్టించకు

అమ్మడూ,

నువ్వు పంపిన ఫోటోలన్నీ పెద్దవి చేసుకుని చూశాను. పోపుల పెట్టె, పప్పుగుత్తి, కవ్వం, అప్పడాల పీట, కర్ర, కత్తిపీట, అన్నం కలిపే మరిగ, అదే ఆ చెక్క గిన్నె, ఏటికొప్పాక భరిణెలు. ఇన్నేళ్లు అటక మీద పడి ఉన్నా చాలావరకు గట్టిగానే ఉన్నాయి, టెన్షన్ పడకు. కానీ ఫర్నిచర్‌తో పాటు వీటికీ పాలిష్ కొట్టించేస్తాను అన్నావు చూడు, అది మాత్రం ఆపు. వార్నిష్ అయినా మెలమైన్ అయినా చెక్క పైన ఒక పొరలా కూర్చుంటుంది. వేడి తగిలి, తడి తగిలి, రుద్దుడు తగిలి ఆ పొర పెచ్చులుగా లేస్తుంది, ఆ పెచ్చులు పప్పులోనే పడతాయి. వంట చెక్కకు మెరుపు అక్కర్లేదు. శుభ్రంగా, నున్నగా, నీళ్లు తొందరగా ఇంకకుండా ఉంటే చాలు.

ముందు అన్నిటినీ తెల్ల కాగితం మీద పెట్టి రెండు రోజులు వదిలెయ్. సూది మొనంత రంధ్రాలు కనిపించి, వాటి కింద సన్నటి పిండి రాలితే లోపల పురుగు ఇంకా బతికే ఉన్నట్టు. మందులు, కిరోసిన్ జోలికి వెళ్లకు, అన్నం తగిలే వస్తువులివి. గాలి పోకుండా ప్లాస్టిక్ సంచిలో చుట్టి రెండు వారాలు డీప్ ఫ్రీజర్‌లో పెట్టు, తీశాక సంచి విప్పకుండా ఒక రోజు బయట ఉంచు.

కడగడానికి గోరువెచ్చటి నీళ్లు, కుంకుడు రసం, మెత్తటి పీచు చాలు. నానబెట్టొద్దు, డిష్‌వాషర్‌లో అసలే వెయ్యొద్దు. బూజు వాసన వచ్చేవాటిని కల్లుప్పు, నిమ్మచెక్కతో రుద్ది, కడిగి, నీడలో నిలబెట్టి ఆరనివ్వు. తొందరపడి మండుటెండలో పెడితే పీట వంగిపోతుంది, చివర్లు చీలతాయి.

కత్తిపీటలో కత్తి దిగిన చోట నల్లగా ఉంది కదా, అది బూజు కాదు. ఇనుము, తడి, చెక్కలోని వగరు పదార్థం కలిసి చేసిన మరక. నిమ్మరసంతో చాలావరకు పోతుంది, పోకపోయినా నష్టమేమీ లేదు. కత్తి కదులుతోందేమో చూడు, కదులుతుంటే దాన్ని వాడకుండా పక్కన పెట్టు, ఆ పని ఇంట్లో చేసేది కాదు.

అప్పడాల పీట మీద గరుకు తియ్యడానికి శాండ్ పేపర్ 120 నంబరుతో మొదలుపెట్టి 180, తర్వాత 220. ఎప్పుడూ చెక్క నార వెంబడే రుద్దాలి, అడ్డంగా రుద్దితే గీతలు పడతాయి, నూనె పట్టించాక అవి ఇంకా బాగా కనపడతాయి. 220 అయ్యాక తడిగుడ్డతో తుడిచి ఆరనిస్తే నూగు లేస్తుంది, దాన్ని మళ్లీ 220తోనే తేలిగ్గా తీసెయ్. చాలామంది ఈ తడి పని మానేస్తారు, మొదటిసారి కడగ్గానే పీట గరుకైపోయిందని బాధపడతారు. మాస్కు పెట్టుకో, పోపుల పెట్టె రోజ్‌వుడ్‌దిలా ఉంది, ఆ పొడి కొంతమందికి చర్మానికీ ముక్కుకీ పడదు. నానమ్మ చేతి ఒరిపిడికి పీట మధ్యలో పడిన పల్లాన్ని చదును చెయ్యాలని చూడకు, అలా చేస్తే పీట సగం పోతుంది, పైగా చపాతీ ఆ పల్లంలోనూ బాగానే వస్తుంది.

ఇక నూనె. అందరూ వంటనూనె రాసేస్తారు. వేరుశనగ నూనె, నువ్వుల నూనె ఎన్నాళ్లైనా ఆరి గట్టిపడవు, జిడ్డుగా ఉండిపోయి చివరికి చెడ్డ వాసన పడతాయి. అవిసె నూనె వేరు, అది గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది. అయితే గానుగలో తీసిన, తినడానికి పనికొచ్చేదే కొను. హార్డ్‌వేర్ షాపులో బాయిల్డ్ అని అమ్మేదాంట్లో త్వరగా ఆరడానికి లోహపు మందులు కలుపుతారు, అది మనకొద్దు. పల్చగా రాసి, పావుగంట ఆగి, మిగిలిందంతా తుడిచెయ్, మూడు నాలుగు రోజులకొకసారి అలా మూడు పూతలు, ఆ తర్వాత రెండు మూడు వారాలు ఊరికే వదిలెయ్. తుడిచిన గుడ్డల్ని మాత్రం ఉండచుట్టి మూల పడెయ్యకు తల్లీ, ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుట్టి గుడ్డ తనంతట తానే అంటుకోవచ్చు. విప్పి తీగ మీద ఆరేసెయ్, లేదా నీళ్లలో ముంచెయ్.

అన్ని వారాలు ఆగలేనంటే పీటకూ కర్రకూ మందుల షాపులో దొరికే లిక్విడ్ పారఫిన్ నాలుగు వంతులు, తేనె మైనం ఒక వంతు. వేడినీళ్ల గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కరిగించి రాయి. అది చెడిపోదు, కానీ గట్టిపడదు కాబట్టి నెలకో రెండు నెలలకో మళ్లీ రాయాలి. పప్పుగుత్తికి మాత్రం మైనం వద్దు, అది సుమారు 62 డిగ్రీలకే కరిగిపోతుంది, ఉడికిన పప్పు అంతకంటే వేడి. దానికి అవిసె నూనె, లేదా ఏమీ రాయకు. కవ్వానికీ ఏమీ వద్దు, రోజూ వాడి, వేడినీళ్లతో కడిగి, వేలాడదీస్తే చాలు.

మరిగకున్న చీలికలో ఎం-సీల్ పెట్టాలా అని అడిగావు. వద్దు. వానాకాలంలో చెక్క అడ్డంగా ఉబ్బుతుంది, మూసుకోవాల్సిన చీలికను నువ్వు గట్టిగా నింపితే ఇంకో చోట పగులుతుంది. పైగా అది అన్నం తగిలే చోటు. ఆ మరిగలో నిమ్మకాయలు, వెల్లుల్లి పెట్టుకో, అన్నం కలపడానికి వాడకు.

ఏటికొప్పాక భరిణెల రంగు లక్కది. లేతు మిషన్ మీద తిరుగుతున్న అంకుడు కర్రకు లక్క కడ్డీ ఆనిస్తే ఆ రాపిడి వేడికి కరిగి పట్టుకున్న రంగు అది, కాబట్టి పొయ్యి పక్కన పెట్టకు, శానిటైజర్, స్పిరిట్ తగలనివ్వకు. శాండ్ పేపర్ అసలే వద్దు. పొడిగుడ్డతో తుడువు, అంతే.

పోపుల పెట్టె లోపల ఏ నూనే రాయకు, వాసన మెంతులకూ ఇంగువకూ పట్టేస్తుంది. పైన మాత్రం రాసుకో. మూత బిగుసుకుపోయిందని అంచు చెక్కించెయ్యాలని ఉందా? ఇప్పుడు వానలు, చెక్క ఉబ్బి ఉంది. ఇప్పుడు చెక్కిస్తే వేసవికి లొడలొడలాడుతుంది. ప్రస్తుతానికి మూత జారే గాడిలో కొవ్వొత్తి రుద్ది వాడుకో. అప్పటికీ కదలకపోతే బలవంతం చెయ్యకుండా సంక్రాంతికి వచ్చేటప్పుడు వెంట తీసుకురా. అప్పటికి చెక్క కాస్త ఆరుతుంది, నా దగ్గర చిన్న చిత్రిక ఉంది, ఎంత తియ్యాలో చూసి నేనే పడతాను.

మీ అత్త