ఇంట్లోని మీటరు పీఎం 2.5 తక్కువ చూపిస్తే గాలి శుభ్రంగా ఉన్నట్టేనా?

కాదు, ఆ అంకె గాలిలో తేలే సన్నని కణాల సంగతే చెబుతుంది గానీ విషవాయువుల సంగతి చెప్పదు. ఇళ్లలో వాడే చిన్న మీటర్లు లోపలికి లాగిన గాలి మీద లేజరు కాంతిని ప్రసరింపజేసి, కణాలు దాన్ని ఎంత చెదరగొడుతున్నాయో చూసి, ఘనపు మీటరుకు ఎన్ని మైక్రోగ్రాములో అంచనా కడతాయి. వాయువుల అణువులు కాంతిని లెక్కకు వచ్చేంతగా చెదరగొట్టవు కాబట్టి కార్బన్ మోనాక్సైడ్ ఎంత ఉన్నా అంకె కదలదు.

ఉదాహరణకు, అనంతపురం వైపు పల్లెలో కట్టెల పొయ్యి మీద సంగటి కెలికేటప్పుడు పొగ కమ్మి అంకె వందల్లోకి పోతుంది. మంట ఆరి నిప్పులు మిగిలాక పొగతో పాటు అదీ దిగివస్తుంది. అయితే గాలి చాలక రగిలే ఆ నిప్పుల నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తూనే ఉంటుంది, తలుపులు మూస్తే గదిలో పేరుకుంటుంది. దానికి రంగూ వాసనా లేవు గనక, ఆ వాయువును రసాయన చర్య ద్వారా పసిగట్టే ఎలక్ట్రోకెమికల్ సెన్సరున్న అలారం విడిగా ఉండవలసిందే.

ఫోనులో కనిపించే ఊరి ఏక్యూఐ (గాలి నాణ్యత సూచీ) ఇంటికీ వర్తిస్తుందన్నది చాలామందికి ఉన్న అపోహ. అది బయటి గాలి కొలత; పైగా మన దేశపు లెక్కలో పీఎం 2.5కు 24 గంటల సగటు తీసుకుంటారు. వంటగదిలోని అరగంట పొగ అందులోకి రానే రాదు. ఇక వేసవి గాలిదుమారం తెచ్చే ముతక దుమ్మును ఈ చౌక మీటర్లు చాలావరకు తక్కువగానే చూపిస్తాయి.