అక్కయ్యని అడగండి: ఎడారికి బండి కట్టేముందు

ప్రశ్న: అక్కయ్యగారూ, మావారు పోయిన జూన్‌లో రిటైరయ్యారు. మేముండేది క్లీవ్‌లాండ్ దగ్గర, ముప్పై ఏళ్ళు మంచు ఎత్తిపోసి ఎత్తిపోసి ఆయన నడుము పట్టేసింది. ఇప్పుడు పెద్ద ఆర్‌వీ, అదే ఇల్లులా ఉండే బండి, ఒకటి కొందాం, చలికాలం నాలుగు నెలలూ అరిజోనా ఎడారిలో ఉందాం అంటున్నారు. నాకు షుగరు. వంట ఎలా, నీళ్ళెలా, రాత్రిపూట ఆ బయల్లో ఇద్దరమే ఎలా పడుకోవడం అని ఒకటే దిగులు. పిల్లలేమో నాన్న సరదా కదమ్మా వెళ్ళు అంటున్నారు. మీరు ఆరు శీతాకాలాలు అలా తిరిగొచ్చారట కదా, ఏం చెయ్యమంటారు? (ఒక చెల్లెలు, ఒహాయో)

జవాబు: చెల్లెమ్మా, ఆయన సరదా రాశారు, పిల్లల మాట రాశారు, మీకు వెళ్ళాలనుందో లేదో మాత్రం ఉత్తరం మొత్తంలో ఎక్కడా లేదు. నేను రెండుసార్లు చదివా. ముందు ఆ సంగతి మీరిద్దరూ కూర్చుని తేల్చుకోండి, ఎందుకంటే మా బండి 25 అడుగులు, అందులో మంచం, పొయ్యి, బాత్రూము, స్టీరింగు అన్నీ పోగా ఇద్దరు మనుషులు పక్కపక్కన నిలబడే చోటు రెండు గజాలు ఉంటుందేమో, అక్కడ ఒకళ్ళ కోసం ఒకళ్ళు పళ్ళ బిగువున నాలుగు నెలలు ఉండడం అయ్యే పని కాదు.

అందుకని ఈ ఏడాది కొనొద్దు. ఒహాయో నుంచి నడుపుకుంటూ కూడా రావొద్దు, సుమారు రెండువేల మైళ్ళు, పైగా దారంతా గడ్డకట్టే చలి, పైపుల్లో నీళ్ళుంటే పగిలిపోతాయి కాబట్టి అసలు వెచ్చటి ఊరు చేరేదాకా బండిలో నీళ్ళే పోసుకోకూడదు. ఫిబ్రవరిలో ఫీనిక్స్‌కో టూసాన్‌కో విమానంలో వెళ్ళి, అక్కడే ఓ పదిరోజులకి చిన్న ఆర్‌వీ అద్దెకి తీసుకోండి. పదిరోజుల్లో మీకే తెలిసిపోతుంది. కొనాలనిపిస్తే అప్పుడు కూడా పెద్దది వద్దనే చెప్తా, 25 అడుగులది గ్యాలనుకి 9 మైళ్ళు ఇస్తే గొప్ప, 40 అడుగులదైతే తిప్పుకోడానికి చోటు వెతుక్కోవడమే పనవుతుంది, మంచి మంచి క్యాంప్‌గ్రౌండుల్లో పట్టదు కూడా.

ఇంకోటి, మేం మొదటేడు చేసిన తప్పు మీరు చెయ్యొద్దు. ఆరు వారాల్లో పదకొండు చోట్లు తిరిగాం. రెండ్రోజులకోసారి గొట్టాలు విప్పు, వైర్లు చుట్టు, గిన్నెలన్నీ కదలకుండా సర్దు, నడుపు, మళ్ళీ అన్నీ పరుచు. ఫోటోలు బోలెడున్నాయి గానీ ఏ ఊళ్ళో ఏం చూశామో కలిసిపోయింది. రెండో ఏడు మూడే చోట్లు పెట్టుకున్నాం, అప్పుడు తెలిసింది ఆర్‌వీ ఉన్నది తిరగడానికి కాదు ఉండడానికి అని. టూసాన్ పడమటి కొండల్లో గిల్బర్ట్ రే అని కౌంటీ వాళ్ళ క్యాంప్‌గ్రౌండ్ ఉంది, మన స్థలం దగ్గరే 30 ఆంపుల కరెంటు ఉంటుంది, చుట్టూ సవారో కాక్టస్‌లు మనిషికి నాలుగైదు రెట్ల ఎత్తున నిలబడి ఉంటాయి. పదేళ్ళ సవారో అరచేతిలో పట్టేంతే ఉంటుంది, మొదటి కొమ్మ రావడానికే 50 నుంచి 70 ఏళ్ళు పడుతుందిట, బాగా వానల్లేని చోటైతే ఇంకా ఎక్కువ. నా వయసు 70. రోజూ పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని ఒక దాని దగ్గరికే వెళ్ళేదాన్ని, దానికి పక్కన అప్పుడే బుడిపెలా ఒక కొమ్మ మొదలైంది, ఇదీ నా ఈడుదే కదా అనుకుంటే నాకు అదో రకం ధైర్యంగా ఉండేది.

మాది అనంతపురం వైపు. అక్కడ చేల గట్ల మీద నాగజెముడు, కిత్తనార చూస్తూ పెరిగా, అవి మన మొక్కలే అనుకునేదాన్ని. రెండింటి పుట్టిల్లూ ఈ అమెరికా ఖండమేనని ఇక్కడికొచ్చాక తెలిసింది, ఎండిపోయిన వాగు పక్కన నాగజెముడు గుంపు చూసి మా ఊరి దారి గుర్తొచ్చి అక్కడే కూర్చుండిపోయా. వాగంటే గుర్తొచ్చింది, ఇక్కడ వాష్ అంటారు, ఇసక మెత్తగా చదునుగా ఉంది కదా అని అందులో మాత్రం బండి ఆపకండి, ఎక్కడో కొండల్లో వాన పడితే మీ దగ్గర ఎండ కాస్తుండగానే నీళ్ళొచ్చి పడతాయి.

నీళ్ళ సంగతి. మా బండిలో మంచినీళ్ళ ట్యాంకు 40 గ్యాలన్లు, కనెక్షన్ లేని చోట మా ఇద్దరికీ వారం వచ్చేవి. చిన్నప్పుడు బావి నుంచి బిందెలతో మోసుకున్నవాళ్ళం, మనకి ఇది కొత్త విద్యేం కాదు, మర్చిపోయిన విద్య. కంచాలు, మూకుడు ముందు పేపరు ముక్కతో గట్టిగా తుడిచేసి తర్వాత కొంచెం నీళ్ళతో కడుగుతా, లేకపోతే నూనె, పప్పు, చింతపండు పిప్పీ అన్నీ వాడిన నీళ్ళ గ్రే ట్యాంకులోకి పోయి నాలుగోరోజుకి బండంతా పులుపు వాసన. బియ్యం కడిగిన నీళ్ళు బకెట్లో పట్టుకుంటే గిన్నెలకి పనికొస్తాయి. గ్రే అంటే సింకు, స్నానం నీళ్ళు, బ్లాక్ అంటే టాయిలెట్‌ది. ట్యాంకులు ఖాళీ చేసే డంప్ స్టేషన్లో ముందు బ్లాక్ వదలాలి, తర్వాత గ్రే, అప్పుడు ఆ నీళ్ళకి గొట్టం కడుక్కుపోతుంది. గ్లోవ్స్ వేసుకుంటే పది నిమిషాల పని. ఇది ఆయన పనిలే అని వదిలెయ్యకండి, మీరూ నేర్చుకోండి. డ్రైవింగ్ కూడా, మామూలు లైసెన్సు చాలు మన సైజు బండికి. మూడో ఏడు మావారికి మధ్య దారిలో కళ్ళు తిరిగాయి, ఆ రోజు ఆస్పత్రిదాకా నేను నడపగలిగా కాబట్టి ఇవాళ మీకు నింపాదిగా జవాబు రాస్తున్నా.

వంట బ్రహ్మాండంగా సాగుతుంది. కుక్కరు పెట్టుకోవచ్చు, తాలింపు వేసేటప్పుడు మాత్రం పైన వెంటు తెరిచి ఫ్యాను వెయ్యాలి, లేకపోతే స్మోక్ అలారం మోగుతుంది. పెరుగు తోడుకోవడమే ఇబ్బంది, రాత్రి చలికి తెల్లారేసరికి పాలు పాలలాగే ఉండేవి, అప్పుడు గోరువెచ్చగా తోడుపెట్టి స్టీలు ఫ్లాస్కులో పోసి, శాలువా చుట్టి, ఆరిపోయిన ఒవెన్‌లో పెట్టడం మొదలుపెట్టా, పొద్దున్నకి గడ్డ పెరుగు.

చలిని తక్కువ అంచనా వెయ్యకండి, ఎడారి కదా అని స్వెట్టర్లు ఇంట్లో పెట్టి వస్తారు చాలామంది. గాలిలో తేమ ఉండదు కాబట్టి పగలు హాయిగా ఉన్నా పొద్దు వాలగానే వేడంతా ఎగిరిపోతుంది. మొదటేడు ఆర్గన్ పైప్ కాక్టస్ అనే పార్కులో, మెక్సికో బోర్డరు పక్కన, అక్కడ కరెంటు కనెక్షన్ ఉండదు, రాత్రి మూడింటికి హీటరు ఆగిపోయింది. గ్యాసు నిండుగా ఉంది. తీరా చూస్తే హీటరు మండేది గ్యాసుతోనే అయినా ఆ వేడిని తోసే ఫ్యాను బ్యాటరీ మీద నడుస్తుంది, బ్యాటరీ అయిపోయింది. బండి అమ్మినవాళ్ళు ఆ ముక్క చెప్పలేదు. దుప్పట్లన్నీ కప్పుకుని తెల్లారేదాకా కూర్చున్నాం, కిటికీలోంచి చుక్కలు చూస్తే మాత్రం చిన్నప్పుడు మిద్దె మీద పడుకున్నప్పుడు కనిపించినన్ని ఉన్నాయి.

మీ షుగరు గురించి రెండు మాటలు జాగ్రత్తగా చదవండి. ఇన్సులిన్ వాడుతుంటే అది ఎండలో ఉడక్కూడదు, గడ్డా కట్టకూడదు, ఒకసారి గడ్డకడితే కరిగాక వాడొద్దు, పారేయండి. రెండోది వ్యాలీ ఫీవర్. అరిజోనా మట్టిలో ఉండే ఒక ఫంగస్ దుమ్ముతో పాటు ఊపిరితిత్తుల్లోకి పోయి వస్తుంది, చాలామందికి దానంతట అదే తగ్గిపోతుంది గానీ షుగరున్నవాళ్ళకి ముదిరే ప్రమాదం ఎక్కువ. దుమ్ము పీల్చిన ఒకటి నుంచి మూడు వారాలకి దగ్గు, జ్వరం, విపరీతమైన నీరసం. మీరు ఒహాయో తిరిగెళ్ళాక వస్తే అక్కడి డాక్టరుకి ఇది తట్టకపోవచ్చు, కాబట్టి మీరే అరిజోనా వెళ్ళొచ్చానండీ అని నోరు తెరిచి చెప్పి రక్తపరీక్ష అడగండి. దుమ్ము లేచే రోజు లోపలే ఉండండి. అలాగే పెద్దవాళ్ళ ప్రభుత్వ ఆరోగ్య బీమా ఉంది కదా, మీది మామూలు మెడికేరా, ప్రైవేటు కంపెనీల అడ్వాంటేజ్ ప్లానా చూసుకోండి, మామూలుదైతే మెడికేర్ తీసుకునే ఏ డాక్టరైనా ఏ స్టేట్‌లోనైనా సరే, అడ్వాంటేజ్‌లో ఎమర్జెన్సీకి ఇబ్బంది లేదు గానీ మామూలు విజిట్లకి వాళ్ళ నెట్‌వర్కు మీ ఊరి చుట్టుపక్కలే ఉండొచ్చు.

రాత్రిపూట భయమన్నారు. మీరనుకున్నంత ఒంటరితనం ఉండదు. క్వార్ట్‌జైట్ అని చిన్న ఊరుంది అరిజోనా పడమటి అంచున, దాని పక్కన లా పోసా అనే ప్రభుత్వ భూమిలో సెప్టెంబరు 15 నుంచి ఏప్రిల్ 15 దాకా ఉండనిస్తారు, మేం కట్టినప్పుడు సీజనంతటికీ 180 డాలర్లు, రెండు వారాలకైతే 40. నీళ్ళు పట్టుకోడానికి, ట్యాంకు వదలడానికి చోటుంది. జనవరిలో వేలమంది వస్తారు, అందరూ మన ఈడువాళ్ళే, సాయంత్రం కుర్చీలు బయట వేసుకుంటే పక్క బండివాళ్ళు వచ్చి కూర్చుంటారు. ఆ ఊరి శ్మశానంలో ఒక రాతి పిరమిడ్, పైన ఒంటె బొమ్మ. 1856లో అమెరికా సైన్యం ఎడారిలో సామాన్లు మొయ్యడానికి ఒంటెల్ని తెప్పించుకుంటే వాటితో ఒట్టోమన్ దేశం నుంచి హాజీ అలీ అనే ఆయన వచ్చాడు, ఇక్కడివాళ్ళకి పేరు పలక్క హై జాలీ అనేశారు, 1902లో పోతే ఆ పేరుతోనే సమాధి. మన పేర్లు ఆఫీసుల్లో ఎన్ని ముక్కలయ్యాయో మనకి తెలుసు కదా, నేను అక్కడ నిలబడి ఆయన అసలు పేరు పైకి అన్నా.

గ్రీన్ కార్డయితే ఒరిజినల్ ఎప్పుడూ పర్సులో ఉండాలి, బోర్డరుకి చాలా లోపల కూడా హైవేల మీద చెక్‌పోస్టులుంటాయి. 62 నిండిన సిటిజన్లకీ గ్రీన్ కార్డువాళ్ళకీ నేషనల్ పార్కుల సీనియర్ పాస్ ఉంది, జీవితాంతానికి 80 డాలర్లు, కొన్ని క్యాంప్‌గ్రౌండుల్లో సగం ధరకి స్థలం కూడా ఇస్తారు. అది ముందే తీసుకోండి.

ప్రశ్న: అక్కా, మా అమ్మానాన్నా విజయవాడ నుంచి జనవరిలో వస్తున్నారు, ఇద్దరికీ 70 దాటాయి. లాస్ వేగస్ నుంచి డెత్ వ్యాలీ, అక్కణ్ణుంచి టూసాన్ ఆర్‌వీలో తిప్పుదామని నా ఆశ. బాగుంటుందా? (శాన్ హోసే నుంచి ఒక కూతురు)

జవాబు: ఆశ మంచిదే తల్లీ, కానీ ఆర్‌వీ వద్దు. నడిచే బండిలో బెల్టు పెట్టుకుని కదలకుండా కూర్చోవాలి, నీకు ఆర్‌వీ నడపడం కొత్త, నాన్నగారికి బాత్రూముకి లేవాల్సొస్తే ప్రతిసారీ బండి ఆపాలి, ఆ ఇరుకు మెట్లు అమ్మగారి మోకాళ్ళకి పడవు. కారు తీసుకుని, వంటగది ఉన్న హోటల్లో దిగండి. డెత్ వ్యాలీకి జనవరి చాలా మంచి కాలం, బ్యాడ్‌వాటర్ దగ్గర సముద్రమట్టానికి 282 అడుగులు కింద నిలబడతారు, తెల్లటి ఉప్పు నేల మీద, పైన కొండకి సముద్రమట్టం ఇక్కడ అని బోర్డు ఉంటుంది, తలెత్తి చూపించు వాళ్ళకి. వాళ్ళ పాస్‌పోర్టులు, ఐ-94 (అమెరికాలోకి వచ్చినట్టు రికార్డు) ప్రింటు దగ్గరుంచుకో. దారిలో ఫీనిక్స్ దగ్గర మారికోపాలో మహాగణపతి గుడి ఉంది, అమ్మావాళ్ళని అక్కడ ఒక పూట ఉంచు, వాళ్ళు ఇంటికెళ్ళాక ముందు చెప్పేది దాని గురించే.

ప్రశ్న: జనవరిలో గ్రాండ్ కేన్యన్‌కి ఆర్‌వీలో వెళ్ళొచ్చాండీ? ఐ-10 హైవే మీద దుమ్ము తుఫాన్లంటే కూడా భయంగా ఉంది. (డాలస్, రిటైర్డ్ ఇంజనీర్)

జవాబు: వెళ్ళొద్దండీ. ఫీనిక్స్ సుమారు 1100 అడుగుల ఎత్తు, కేన్యన్ దక్షిణపు అంచు, సౌత్ రిమ్, 7000, ఎడారి ఎడారే గానీ పైన మంచు పడుతుంది, ఉత్తరపు అంచు నార్త్ రిమ్ అయితే చలికాలం మూసేస్తారు. బండి కింద వెచ్చటి చోట ఉంచి, రోడ్డు బాగున్న రోజు చూసుకుని కారులో పోయి రండి, మంచు కప్పిన కేన్యన్ చూసి తీరాలి, అది నేను కాదనను.

దుమ్ము విషయానికొస్తే, దూరంగా గోధుమరంగు గోడలా కనిపించగానే ముందు దొరికిన ఎగ్జిట్ తీసుకోండి. ఎగ్జిట్ దొరక్క చిక్కుకుపోతే రోడ్డు నుంచి ఎంత పక్కకి వీలైతే అంత పక్కకి తీసి ఆపి, లైట్లన్నీ ఆర్పేసి, పార్కింగ్ బ్రేకు వేసి, బ్రేకు పెడల్ మీద నుంచి కాలు తియ్యండి. లైటు వెలుగుతుంటే వెనకొచ్చేవాడు అదే దారి అనుకుని నేరుగా మీ మీదికే వస్తాడు. లార్డ్స్‌బర్గ్ దగ్గర ఎండిపోయిన చెరువు నేల ఉంది, న్యూ మెక్సికోలో, అక్కడ గాలి హెచ్చరిక ఉన్న రోజున మేం అసలు బయల్దేరలేదు. మర్నాడు పొద్దున ఆరింటికి గాలి నిద్రపోయి ఉంది, అప్పుడు తొంభై మైళ్ళు హాయిగా దాటేశాం.