ఆ వేణు, బలగం వేణు ఒక్కరే

అన్నా, అమీర్‌పేట హాస్టల్‌ల ఉన్నప్పుడు గురువారం రాత్రి చూసిన వేణు స్కిట్ ఇప్పుడు దొరకట్లేదు, పైగా బలగం తీసింది వేరే వేణు అని మీ తమ్ముడు వాదిస్తుండు అన్నవ్ కదా, ఇద్దరూ ఒక్కరే అన్నా, వేణు యెల్దండి, మన సిరిసిల్ల మనిషి.

గురువారం అంటే జబర్దస్త్, శుక్రవారం వచ్చేది ఎక్స్‌ట్రా జబర్దస్త్, అది 2014ల మొదలైంది. జబర్దస్త్ ఈటీవీల 2013 ఫిబ్రవరిల స్టార్ట్ అయినప్పటి నుంచే వేణు టీమ్ లీడర్. అన్నేండ్ల ఎపిసోడ్లల్ల దొరకదు, అందుకే ఎపిసోడ్ నంబర్‌తో వెతకకు, యూట్యూబ్‌ల స్కిట్లు విడివిడిగా కూడా పెట్టిన్రు, ఆయన టీమ్ పేరు వేణు వండర్స్ అని తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి కొట్టు, ఫిల్టర్‌ల పాతవి చూడు. జడ్జి సీట్ల నాగబాబు కనబడితే 2019 లోపుదే, ఆ ఏడాది చివర్ల ఆయన వెళ్ళిపోయిండు.

ఇగ మీ తమ్మునికి బలగం మళ్ళొకసారి చూపియ్ అన్నా, 2023 మార్చ్‌ల వచ్చింది, అండ్ల వేణు యాక్టింగ్ కూడా చేసిండు, మొహం చూస్తే గుర్తుపడతడు. నాకైతే ఆ షో నుంచి వచ్చినోళ్ళల్ల ఇంత ఎత్తుకు పోయింది ఆయనే అనిపిస్తది, ఐదారుగురిని ఒక్క సెట్ మీద నిలబెట్టి కొన్ని నిమిషాల్ల కథ చెప్పిన అలవాటు ఆ చావింటి సీన్లల్ల బాగా పనికొచ్చింది. అదే షోల చేసిన ధన్‌రాజ్ కూడా 2025ల రామం రాఘవం సినిమా డైరెక్ట్ చేసిండు, గెటప్ శ్రీను 2024ల రాజు యాదవ్‌ల హీరో. స్కిట్‌ల ఇంకెవరున్నరో గుర్తొస్తే రాయి, వెతికి లింక్ పెడ్త.