కౌంట్ బాగుంది, మరి అబార్షన్లు ఎందుకు?

ప్రశ్న: నాకు 33, మా ఆవిడకి 29. మూడుసార్లు నెల తప్పింది, మూడుసార్లూ మూడో నెల లోపే పోయింది. నా సెమెన్ రిపోర్ట్‌లో కౌంటు, కదలిక అన్నీ నార్మల్. ఇప్పుడు కార్యోటైప్ (క్రోమోజోముల లెక్క, ఆకారం చూసే రక్తపరీక్ష) చేస్తే నాకు 13, 14 క్రోమోజోములు అతుక్కుపోయి మొత్తం 46కి బదులు 45 అని వచ్చింది. నా స్పెర్మ్ అంతా పాడైనట్టేనా సార్?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: కాదండీ. సంఖ్య తగ్గినా కావలసిన జన్యువులన్నీ మీలో ఉన్నాయి, అందుకే మీకు ఏ ఇబ్బందీ లేదు. దీన్ని రాబర్ట్‌సోనియన్ ట్రాన్స్‌లొకేషన్ అంటారు, అన్ని రకాలూ కలిపి సుమారు వెయ్యిమందిలో ఒకరికి ఉంటుంది, అందులో ఎక్కువ ఈ 13-14 రకమే.

తేడా అంతా శుక్రకణం తయారయ్యే దగ్గరే. మామూలుగా ఏ జతకా జత విడిపోవాలి, మీకేమో విడి 13, విడి 14, అతుకుది, మూడూ ఒకచోట చేరతాయి. విడివి రెండూ ఒక కణంలోకి, అతుకుది ఇంకోదాంట్లోకి వెళ్తే గొడవే లేదు, మొదటిదాంతో బిడ్డకి 46, రెండోదాంతో మీలాగే 45. అలా కాక అతుకుదాంతో పాటు విడి 13 కూడా వెళ్ళిందనుకోండి, బిడ్డకి 13లు మూడవుతాయి, అవతలి కణంలో 13 అసలుండదు. 14తో కూడా ఇదే తంతు. అలా ఆరు రకాలు, మంచివి రెండే, అయితే మూడోవంతేనా అని కంగారు పడకండి, ఇలాంటి మగవాళ్ళ స్పెర్మ్‌ని ఫిష్ టెస్టుతో (క్రోమోజోములకి మెరిసే రంగులంటించి లెక్కపెట్టేది) చూస్తే సుమారు 80-90 శాతం సరిగ్గా విడిపోయినవే ఉంటాయి. మిగతావి కూడా చక్కగా ఈదుతాయి, కౌంటు చూసే టెస్టుకి ఇది దొరకదు, బలం మందులు వాడినా మారదు.

లెక్క తప్పిన పిండాలు చాలావరకు మొదట్లోనే పోతాయి. 13 ఎక్కువైన బిడ్డ కాన్పుదాకా రావడం 1 శాతం లోపే.

అయినా మీ స్పెర్మ్‌లో ఎక్కువభాగం సరైనవే ఉంటాయి కాబట్టి మూడు అబార్షన్లూ దీని మీదకే తోసెయ్యడం నాకు నచ్చదు. ఆవిడకి థైరాయిడ్, గర్భసంచి, ఏపీఎల్ఏ (రక్తం గడ్డకట్టేలా చేసే యాంటీబాడీలు) టెస్టులు చూశారా? కార్యోటైప్ కూడా చేయించండి, మేనరికమైతే మరీ తప్పదు, ఒకే తాత నుంచి ఇద్దరికీ వచ్చి ఉండొచ్చు.

మామూలుగానే ప్రయత్నించి 11-13 వారాల్లో సీవీఎస్ (మాయలోంచి చిన్న ముక్క తీసి బిడ్డ క్రోమోజోములు చూసే టెస్టు) గానీ 16 వారాలకి ఉమ్మనీటి టెస్టు గానీ చేయించుకోవచ్చు, చట్టం ఒప్పుకుంటుంది, ఆడా మగా మాత్రం చెప్పరు. ఐవీఎఫ్‌లో పిండాన్ని ముందే పరీక్షించే పీజీటీ ఉంది గానీ ఖర్చెక్కువ, నేనైతే ముందు జెనెటిక్ కౌన్సెలర్‌ని కలవమంటాను. మీ తోబుట్టువులకీ చెప్పండి, ఇది అమ్మానాన్నల్లో ఒకరి నుంచి వచ్చి ఉంటే వాళ్ళకీ సగానికి సగం అవకాశం ఉంది.